మేకుల బావ గోడ మీది తత్వవేత్త

ఈ వయసులోనూ నా నోట్లో ఉన్న పళ్ళన్నీ నావే. చెరుకు గడ ఇచ్చి చూడండి, మీ కళ్ళముందే చీల్చి పారేస్తాను. కాబట్టి పన్ను పీకించుకోవడానికి జడిసిన మగవాడి కథ చెప్పే హక్కు నాకుంది.

ఆ మగవాడు మా మేకుల బావ. పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది. మేకులన్నీ పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడుతూ, ఆ మేకుల సందుల్లోంచే మాట్లాడతాడు. అందుకే ఆ పేరు. ఆయన భార్య నాకు వరసకు చెల్లెలు.

బావకు కింది దవడ పన్ను పుచ్చింది. చెంప నిమ్మకాయంత ఉబ్బి, అక్కడితో ఆగక బత్తాయంత అయింది. ఇంకొన్నాళ్ళు పోతే ఇంట్లోకి పక్కవాటుగా రావలసి వచ్చేది.

"పళ్ళ డాక్టరు దగ్గరికి పదండి" అంది చెల్లెమ్మ.

"ఎందుకే, అదే తగ్గుతుంది."

"ఏది తగ్గేది? చెంపా, మీ మొండితనమా?"

మొండితనం కాదు, భయం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పన్ను పీకించుకుంటూ పెట్టిన కేక బావ చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. పళ్ళ డాక్టరు కుర్చీ తలచుకుంటేనే ఆయన నోరు గట్టిగా మూసేసుకుంటాడు. ఆ మాట పెళ్ళాంతో చెప్పడం కంటే రెండో చెంప కూడా వాయడం మేలనుకున్నాడు.

దుకాణంలో ఎవరో ఫ్రేము కట్టమని ఇచ్చి, మళ్ళీ రాని పటం ఒకటుంది. గుండెల దాకా గడ్డం, లోతైన కళ్ళు. బావ దాన్ని ఇంటికి తెచ్చి ముందు గదిలో గోడకు తగిలించాడు.

"ఎవరండీ ఈయన?"

"గొప్ప తత్వవేత్త. నాకు ప్రాణం. ఈయన మాటలు చదివాకే నాకు కళ్ళు తెరుచుకున్నాయి."

"పేరు?"

బావ అంతదూరం ఆలోచించలేదు. "పేరు వదిలేసుకున్నాడు. అదే ఆయన గొప్పతనం."

"మరి భార్య ఏమని పిలిచేదట?"

"భార్యనీ వదిలేశాడు."

"అదీ సంగతి. చెప్పేవాళ్ళు లేక గడ్డం అంత పెరిగింది. ఇంతకీ ఏమంటాడు?"

"నొప్పి మనిషికి గురువు, గురువును పీకి పారేయకూడదు అంటాడు."

చెల్లెమ్మ పటం వంక చాలాసేపు చూసింది. నవ్వలేదు. "గొప్ప మాటే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాడు బావ.

సాయంత్రం పన్ను సలపరించింది. "కాస్త లవంగ నూనె ఉందేమో చూడవే."

"గురువుగారికి నూనె పూస్తారా? ఆయన చూస్తున్నాడు, తప్పు కదూ?" అని, వేయించిన వేరుశనగ గింజలు పళ్ళెం నిండా తెచ్చి ముందు పెట్టింది. "మెత్తనివి తినేవాడికి గట్టి ఆలోచనలు రావని కూడా అనలేదూ ఈయన?"

"అన్నట్టు లేదే."

"అనే ఉంటాడు. మొహం చూస్తే తెలియడం లేదూ?"

ఈలోగా మేడమీద వాటాలో ఉండే పిన్నికి ఈ తత్వవేత్త కబురు అందింది. దిగి వచ్చి, పటం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "ఈయనలో నీకంత నచ్చిందేమిటి నాయనా?"

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వమంటాడు పిన్నీ. అంత ధైర్యంగా చెప్పినవాళ్ళు ఇంకెవరున్నారు?"

పిన్నికి ఆ మాట పట్టుకుంది. మర్నాటి నుంచి మెట్లు ఊడవలేదు. దుమ్మును ఉన్నట్టు ఉండనిచ్చింది. బాబాయికి కూడా పట్టుకుంది, ఆయన స్నానం మానేశాడు. చివరికి ఎవరో తెరిచిన కుళాయిని కూడా తెరిచినట్టే ఉండనిచ్చారు. నీళ్ళు మెట్ల దుమ్మునంతా కలుపుకుని తిన్నగా బావ ముందు గదిలోకి దిగాయి.

బావ ఒక చేత్తో చెంప, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని బురద ఎత్తుతుండగా చెల్లెమ్మ ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చింది. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం.

"వీరికి మీ తత్వవేత్త గురించి తెలుసుకోవాలని ఉందటండీ."

బావకు ఎక్కడలేని హుషారు వచ్చింది. గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ఏం చెప్పమంటారు! ఈయన మాట వింటే పిరికివాడికి గుండె ధైర్యం వస్తుంది."

"మీకు వచ్చిందా?"

"నా సంగతి వదిలేయండి."

"పళ్ళ గురించి కూడా ఏదో అన్నారటగా?"

"పళ్ళ డాక్టర్లంత క్రూరులు లోకంలో ఉండరన్నాడు."

వచ్చినాయన నున్నటి గడ్డం నిమురుకున్నాడు. "నేనెప్పుడూ అలా అన్నట్టు గుర్తు లేదండీ."

బావ పటాన్ని చూశాడు. ఆయన్ని చూశాడు. కళ్ళు అవే.

"నా దగ్గరికి వచ్చినవాళ్ళు గడ్డం చూసి జడుసుకుంటున్నారని తీసేశాను. తీసేసే ముందు గుర్తుగా తీయించుకున్న ఫోటో అది" అన్నాడు పళ్ళ డాక్టరు. "మీరు భోజనానికి వెళ్ళినప్పుడు దుకాణంలో కూర్చున్న మీ ఆవిడ చేతికే ఇచ్చాను."

"మొదటి రోజే చెప్పొచ్చుగా?" బావ పెళ్ళాం మీద గుర్రుమన్నాడు.

"చెబితే పటం పోతుంది, పన్ను ఉంటుంది" అంది చెల్లెమ్మ. అని, గొంతు తగ్గించింది. "మీరు తినలేకపోతుంటే నాకూ ముద్ద దిగడం లేదండీ. ఇదిగో, మీ తత్వవేత్త ఎదురుగానే ఉన్నారు. ఏమంటారో ఆయన్నే అడగండి."

"ఇప్పుడే పదండి అంటున్నాను" అన్నాడు తత్వవేత్త.

బావ సింహంలా నడిచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. సూది గుచ్చారు, చెంప మొద్దుబారింది. కళ్ళు మూసుకుని చాలాసేపు ఎదురుచూసి, "ఎప్పుడు పీకుతారు?" అన్నాడు. డాక్టరు పన్ను ఉన్న గిన్నె చూపించాడు. ఆయన హస్తవాసి నాకు ముందే తెలుసు. నా కట్టుడు పళ్ళు చేసింది ఆయనే. అన్నీ నావే అన్నాను కదా, కొనుక్కున్నవి నావి కాక ఎవరివి?

చెంప చెంపంత అయింది. ఇద్దరూ కడుపునిండా తిన్నారు. ఖాళీ గోడ చూసి, "తత్వవేత్త ఏడమ్మా?" అని పిన్ని అడిగితే, "డాక్టరయ్యాడు, కుళాయి కట్టేయమన్నాడు" అంది చెల్లెమ్మ.

ఇదంతా జరిగిందే. ఒక్క సింహం మాత్రం నా కల్పన. నిజానికి నేనొక రెక్క, చెల్లెమ్మ ఒక రెక్క పట్టుకుని మోసుకెళ్ళాం. డాక్టరు అయిపోయిందన్నాక నేను వదిలేశాను. చెల్లెమ్మ ఇంటి దాకా వదల్లేదు.