రెండో వరసలో మొదటి కారు

ఏ ఆఫీసులోనైనా అధికారం పెద్ద కుర్చీలో కూర్చున్నవాడిది కాదనీ, పొద్దున్నే వచ్చి తలుపు తాళం తీసేవాడిదనీ జనానికి చాలాకాలంగా ఒక అనుమానం ఉండేది. హైబ్రిడ్ కారు వచ్చి ఆ అనుమానాన్ని శాస్త్రీయంగా రుజువు చేసింది.

ఈ కారుకి రెండు బ్యాటరీలు. ఒకటి పెద్దది. సీట్ల కింద నేలంతా పరుచుకుని పడుకుంటుంది. ఒక ఇంటికి రెండు రోజులపాటు దీపాలు వెలిగించగల మహాబలుడు. రెండోది చిన్నది. డిక్కీ అడుగున, స్పేర్ టైరు ఉండవలసిన చోట (స్పేర్ టైరుని పొదుపు ఉద్యమంలో భాగంగా తీసేశారు) ముడుచుకుని కూర్చుంటుంది. దాని ఉద్యోగం ఒక్కటే: పెద్దాయన గది తలుపు తట్టి, "అయ్యా, లేవండి" అనడం. అది తట్టకపోతే పెద్దాయన లేవడు. కడుపు నిండా బలం పెట్టుకుని కూడా లేవడు. తనంతట తాను లేవడం ఆయన హోదాకి తగదని కారు చేసినవాళ్ళు రాసిపెట్టారు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున, కార్లని అవతలి ఒడ్డుకి దాటించే హామ్నెస్ పడవరేవులో, రెండో వరసలో మొదటి కారుగా నిలబడ్డ తొర్లైవ్‌కి ఈ సంగతులేవీ తెలియవు. కారు కొని రెండు నెలలే అయింది.

తొర్లైవ్ నలభై ఒక్క ఏళ్ళు పోస్టుమాన్‌గా చేశాడు. ఆ నలభై ఒక్క ఏళ్ళలో ఊళ్ళో ఒక్క ఉత్తరం ఆలస్యం కాలేదు. ఆలస్యమంతా ఆయన సొంతానికి దాచుకున్నాడు. తన పెళ్ళికి ఆలస్యం, కొడుకు పుట్టినప్పుడు ఆలస్యం, ఉద్యోగ విరమణ సభకి కూడా ఆలస్యం (సన్మానపత్రం ఆయన కుర్చీకి చదివి వినిపించారు). చివరికి చుట్టాలు ఆయనకి ఏ వేళైనా గంట ముందుకి జరిపి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఆ సంగతి కనిపెట్టి, ఆ గంటని తీసేసి లెక్క కట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మనవరాలు రాగ్నిల్‌కి పదిహేనేళ్ళు నిండి, నిన్న చర్చిలో పెద్దవాళ్ళ జట్టులో చేరింది. ఇవాళ ఒంటిగంటకి ఫియోర్డు అనే సముద్రపు పాయకి అవతల త్వేర్‌విక్ హాల్లో విందు. విందుకి నడిమధ్య నిలబడవలసిన బాదంపిండి కేకు గోపురం, పద్ధెనిమిది చుట్లది, ఒకదానిమీద ఒకటి పేర్చినది, తొర్లైవ్ డిక్కీలో ఉంది. దాన్ని ఆయన అక్క గున్వోర్ రెండు రోజులు కష్టపడి చేసి, వెండి బొత్తాల పండగ గౌను తొడుక్కుని, పక్క సీట్లో కాపలా కూర్చుంది.

"ఒంటిగంటకల్లా నేనూ కేకూ హాల్లో ఉంటాం, నా మాట" అని తొర్లైవ్ మనవరాలికి చెప్పాడు. ఆ మాటకోసమే కొత్త కారు కొన్నాడు.

"సరే తాతా," అంది ఆ పిల్ల. సరేలో నమ్మకం పాలు ఎంతో ఆయనకి తెలుసు.

పదిన్నర పడవ వచ్చి నోరు తెరిచింది. నారింజ రంగు చొక్కా తొడుక్కున్న రేవు అధికారి ఓడ్‌గైర్ మొదటి వరసని ఎక్కించి, రెండో వరస వైపు చెయ్యి ఊపాడు. తొర్లైవ్ మీట నొక్కాడు. స్టీరింగు ఎదుట అద్దం మీద బొమ్మలు ఒకసారి మిణుకుమని, వరసగా ఒక్కొక్కటీ సెలవు తీసుకున్నాయి.

మళ్ళీ నొక్కాడు. ఏమీ లేదు.

"ఏమైందిరా?" అంది గున్వోర్.

"ఆలోచిస్తోంది."

"ఎవరు?"

"కారు."

ఓడ్‌గైర్ నింపాదిగా నడిచి వచ్చాడు. "కదలాలి, తొర్లైవ్ గారూ."

"కదలడం లేదయ్యా. పక్కనించి మిగతావాళ్ళని పోనీ."

"రెండో వరస ఎక్కకుండా మూడో వరస ఎక్కకూడదు. రెండో వరసలో మొదటి కారు ఎక్కకుండా రెండోది ఎక్కకూడదు. అయిదో నియమం."

"అయితే నన్ను వరసలోంచి తీసెయ్యి."

"తీసెయ్యచ్చు. మీరు కారు నడుపుకుంటూ బయటికి వెళ్ళే దారిన వెళ్ళిపోవాలి. ఆరో నియమం."

నలుగురు కలిసి తోద్దామని చూశారు. చక్రాల బ్రేకు విడవాలంటే చిన్న బ్యాటరీ అనుమతి కావాలి. కేకైనా తీసుకుని కాలినడకన పడవెక్కుదామంటే (నడిచేవాళ్ళకి వరసల్లేవు) డిక్కీ తెరవడానికీ ఆ బ్యాటరీ అనుమతే కావాలి. ఆ బ్యాటరీ డిక్కీలో, కేకు కింద ఉంది. వెనక సీటు మడిచి చెయ్యి దూరుద్దామంటే, సీటు మడిచే మీట కూడా డిక్కీ లోపలే పెట్టారు, దొంగలు ముట్టుకోకుండా.

పడవ మొదటి వరసని మాత్రం మోసుకుని, మూడొంతులు ఖాళీగా, వేళ తప్పకుండా వెళ్ళిపోయింది. తొర్లైవ్ వెనక పద్నాలుగు కార్లున్నాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఆ తీరంలో మనుషులకి కోపం హద్దు మీరితే కారు దిగి వాతావరణం గురించి మాట్లాడతారు. ఆ పూట పద్నాలుగు కార్లవాళ్ళూ దిగారు.

"గాలి మారేట్టుంది," అన్నాడొకాయన, తొర్లైవ్ కారు వైపు చూస్తూ.

తొర్లైవ్ తలవంచుకుని కారు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల సంగీతం తరవాత, మేల్కొలుపు విభాగం ఉప పర్యవేక్షకురాలు విగ్దీస్ పలికింది.

"మీ కారు బాగుందండీ," అంది.

"కదలడం లేదమ్మా."

"ఇక్కడ బాగుందనే ఉంది. పది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకి అదే స్వయంగా చెప్పింది."

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఏ ఫిర్యాదూ చెయ్యలేదు."

"చచ్చిపోయింది కాబట్టి చెయ్యలేదు."

"చచ్చిపోయినట్టు అది మాకు తెలియజేయాలండీ. తెలియజేస్తే వెంటనే నమోదు చేసుకుంటాం." కాసేపు మీటల చప్పుడు. "కారణం ఏం రాయమంటారు? ఇందులో మూడే ఉన్నాయి. ప్రమాదం, దొంగతనం, యజమాని ప్రయాణం మానుకొనుట."

"నాలుగోది లేదా?"

"నాలుగోది ఉంటే మా కార్లకి అది వస్తుందని ఒప్పుకున్నట్టవుతుంది కదండీ."

సహాయ వాహనాన్ని పంపమని తొర్లైవ్ బతిమాలాడు. పంపుతామంది. అయితే అది కూడా కంపెనీవారి కొత్త హైబ్రిడ్డేననీ, శుక్రవారం నుంచి లేవలేదనీ, దానికి సహాయం వెళ్ళాల్సి ఉందనీ చెప్పింది. తరవాత గొంతు కొంచెం తగ్గించింది.

"మీరు మా యాప్‌లో గత వారం రోజుల్లో దాని ఆరోగ్యం ఆరు వందల పదకొండుసార్లు అడిగారండీ."

నిజమే. కొత్త కారు, పెద్ద మాట ఇచ్చాడు. నిద్ర లేవగానే ఒకసారి, కాఫీకి ముందు ఒకసారి, కాఫీ తాగుతూ ఒకసారి, ఏమీ తోచనప్పుడల్లా ఒకసారి ఫోన్ తీసి కారు ఎలా ఉందో చూసుకునేవాడు. ప్రతిసారీ బాగుందనే వచ్చేది.

"మీరు అడిగినప్పుడల్లా ఆ చిన్న బ్యాటరీ లేచి, తలుపులూ చక్రాలూ దీపాలూ అన్నీ చూసివచ్చి, పెద్ద బ్యాటరీ నిండుగా ఉందో లేదో కనుక్కుని, బాగున్నామని రాసి పంపాలండీ."

"అయితే?"

"బాగున్నామని చెప్పీ చెప్పీ పోయింది."

ఫోన్ గట్టిగా పలికే రకం కావడంతో గున్వోర్ అంతా విన్నది. ఫియోర్డు వైపు చూస్తూ అంది: "వారంలో ఆరువందల పదకొండుసార్లు. మీ ఆవిడ ఇంగెర్‌ని నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారైనా అడిగావట్రా, ఎలా ఉన్నావని?"

"అడిగాను."

"ఏమంది?"

"బాగున్నానంది."

తరవాత ఇద్దరూ కొంతసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

పదకొండున్నర పడవ కూడా ఖాళీగా వెళ్ళింది. ఈ లోపల వెనకున్న పద్నాలుగు మందీ సానుభూతితో సొంత కార్ల పుస్తకాలు తీసి చదివారు. అన్నిటిలోనూ ఒకే మాట: ఈ కారు పొరుగు కార్ల నుంచి కరెంటు పుచ్చుకోవచ్చును, ఇవ్వరాదు. మొత్తం రేవులో పుచ్చుకునేవాళ్ళే గాని ఇచ్చే అర్హత ఉన్నది ఒక్కటే: నాలుగో వరస చివర, ఇంగ్వాల్ అనే గొర్రెలకాపరి తోలుకొచ్చిన బూడిదరంగు ట్రాక్టరు. దాని వయసు అరవై. దానికి యాప్ లేదు. ఎలా ఉన్నావని దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఇస్తాను, దానికేం," అన్నాడు ఇంగ్వాల్.

"వరస మారకూడదు," అన్నాడు ఓడ్‌గైర్. "మారాలంటే రోడ్డు మీదికి పోయి మళ్ళీ రెండో వరస చివర చేరాలి. అంటే పదహారో స్థానం."

"పదహారో స్థానం నించి నా వైరు అందుతుందా మరి? మూడు గజాలుంది."

ఓడ్‌గైర్ జేబులోంచి నియమాల పుస్తకం తీసి చాలాసేపు చదివాడు. అతను చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకంలో మంచితనానికి చోటు వెతుకుతున్న మనిషి. చివరికి తలెత్తాడు.

"చక్రాలు ఉన్నవి వరస మారకూడదని ఉంది. వైరుకి చక్రాలు లేవు."

అంతే. రేవంతా ఒక్కసారి కదిలింది. పద్నాలుగు డిక్కీలూ తెరుచుకున్నాయి. ఒక్కొక్క దాంట్లోంచీ ఒక్కొక్క వైరుచుట్ట బయటికొచ్చింది. ప్రతిదీ ఏదో ఒక క్రిస్మస్‌కి బావమరిది ఇచ్చిందే, ప్రతిదీ ఇంకా కాగితం విప్పనిదే. ఎర్రకి ఎరుపు, నల్లకి నలుపు కలిపి, నాలుగో వరస చివరి నుంచి రెండో వరస మొదటిదాకా నలభై గజాల తీగ లాగారు. (అంత దూరం పోతే కరెంటు నీరసపడుతుందని చదువుకున్నవాళ్ళంటారు. ఆ రోజు వాళ్ళెవరూ రేవులో లేరు.) అందరూ పనిచేస్తుంటే ఊరకే చూడలేక ఒకావిడ డిక్కీలోంచి పొయ్యి తీసి అట్లు పోయడం మొదలుపెట్టింది.

అప్పుడే తొర్లైవ్ ఫోన్ మోగింది. రాగ్నిల్.

"తాతా, ఎక్కడున్నావు?"

"రేవులో, అమ్మలూ. వస్తున్నా."

"ఏ రేవులో?"

తొర్లైవ్ ఫోన్‌ని ఇంకో చెవికి మార్చుకున్నాడు. "ఇవతలి రేవులో."

ఆ పిల్ల నిట్టూర్చలేదు. ఆయనకి అదే బాధనిపించింది. "సరే, నువ్వు కదలకు. మేమే వస్తున్నాం. నడిచేవాళ్ళకి వరసలేం లేవుగా."

పన్నెండింటి పడవ అవతలి నుంచి రాగ్నిల్‌తో కలిపి ఇరవై ఏడుమందిని, వెండి బొత్తాలతో, కాఫీ పాత్రలతో, హాల్లోంచి ఊడబెరికిన జెండాతో సహా తెచ్చి, పన్నెండూ ఇరవైకి దింపింది. సరిగ్గా అప్పుడే ఇంగ్వాల్ ట్రాక్టరు నల్లటి పొగ ఒకటి వదిలింది. నలభై గజాల అవతల తొర్లైవ్ కారు కళ్ళు తెరిచింది. డిక్కీ, ఏమీ జరగనట్టు, పెద్దమనిషి టోపీ ఎత్తినట్టు నెమ్మదిగా లేచింది. గోపురం పద్ధెనిమిది చుట్లతో చెక్కుచెదరకుండా ఉంది.

రాగ్నిల్ తాతని కావలించుకుని, "నువ్వొచ్చేలోపల నేనే వచ్చేశా," అంది. కేకుని ట్రాక్టరు వెనక తగిలించిన బండి మీదికెక్కించారు. ఆ కేకుని పైనించి కోయరు. అడుగు చుట్టు తీసి మొదట తింటారు, పైన గోపురం గోపురంలాగే కనబడాలని. కాఫీ పోశారు.

"రెండో వరస," అన్నాడు ఓడ్‌గైర్ మెల్లగా. పన్నెండున్నర పడవ నోరు తెరుచుకుని ఉంది. "ఇప్పుడు మీ కారు బతికే ఉంది, తొర్లైవ్ గారూ."

"నాకు అవతల పనేం లేదయ్యా ఇప్పుడు. అందరూ ఇక్కడే ఉన్నారు."

"మీకు లేదు. మీ వెనక పద్నాలుగు మందికి ఉంది."

తొర్లైవ్ వెనక్కి చూశాడు. పద్నాలుగు మందీ చాలా మర్యాదగా ఆకాశం వైపు చూస్తున్నారు. గున్వోర్ అప్పటికే ట్రాక్టరు బండి మీద కూర్చుని కేకు పంచుతోంది.

"మీరూ పడవెక్కండర్రా, అక్కడే తిందాం," అన్నాడు చుట్టాలతో.

"కాఫీ పోసేశాం తాతా," అంది రాగ్నిల్. ఆ తీరంలో పోసిన కాఫీని వదిలి లేచిన మనిషి చరిత్రలో లేడు.

తొర్లైవ్ ఒక్కడే పడవెక్కాడు. పన్నెండూ యాభైకి అవతల దిగి, పన్నెండూ యాభై ఆరుకి త్వేర్‌విక్ హాల్లో అడుగుపెట్టాడు. జీవితంలో మొదటిసారి వేళకి నాలుగు నిమిషాల ముందు వచ్చాడు. ఆయన కుర్చీ కాక ఇరవై ఎనిమిది ఖాళీ కుర్చీలు, జెండా లేని గోడ, మధ్యలో కేకుకోసం వదిలిన గుండ్రటి జాగా.

ఫోన్ చిన్నగా మోగింది. మేల్కొలుపు విభాగం నుంచి తుది ఉత్తర్వు: "వాహనం కదిలినది. వినియోగదారుడు నిర్ణీత సమయానికి ముందే గమ్యం చేరినారు. కావున సమస్య ఏర్పడలేదని నిర్ధారించడమైనది."