సూరమ్మకు శాలువా

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న రేడియో స్టేషన్ ఉండేది. మద్దిచెట్టు తొర్రలో ఒక మైకు, మైకు ముందు గోరింక సూరమ్మ. అంతే స్టాఫు. పొద్దున వాన వస్తుందో రాదో చెప్పేది, మధ్యాహ్నం తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు చదివేది, సాయంత్రం తనే పాడి తనే బాగుందనేది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం అడవంతా ఆ రేడియోకి చెవులప్పగించేది. అది వనకళాశాల కబడ్డీ ఫైనల్ రోజు. పంతొమ్మిదేళ్ళుగా కామెంటరీ సూరమ్మదే. బొరియ దాటలేని ముసలి కుందేళ్ళూ, కాలు విరిగి పొదలో పడుకున్న పాత ఆటగాడు దుప్పి సింగన్నా ఆమె గొంతులోనే ఆట చూసేవాళ్ళు. ఆ ఒక్కరోజూ పోతే తన స్టేషన్‌ని పలకరించే దిక్కుండదని సూరమ్మకి బాగా తెలుసు.

ఇరవయ్యో ఏడు నక్క కోదండం 'మహారణ్య ఎఫ్.ఎం.' పెట్టాడు. కామెంటరీకి నెమలిని తెచ్చాడు. నెమలి గొంతు సంగతి తెలియనిదెవరికి? అయినా పోస్టరు మీద పింఛం చూసి, రేడియోలో ఇంకెంత బావుంటుందో అని మురిసిపోయారు.

ఇక ఫైనల్ ప్రసార హక్కులు కావాలి. కాలేజీకి చెరువు తవ్విస్తానని కోదండం ప్రిన్సిపాల్ ఏనుగుగారి ముందు ఒప్పందం పెట్టాడు. ఆయన చెరువు లోతెంతని అడిగారు గానీ ఒప్పందంలో ఏముందని అడగలేదు. అందులో ఉన్నదిది: ఫైనల్ రోజు మైదానంలో వినబడే ప్రతి గొంతూ మహారణ్య ఎఫ్.ఎం. సొత్తు, అనుమతి లేకుండా ఎవరూ నోరు తెరవరాదు.

"మరి మన సూరమ్మో?" అన్నారు ఏనుగుగారు, సంతకం పెట్టేశాక.

"ఊరికే వదిలేస్తామా సార్? సన్మానం చేద్దాం."

చేశారు. దండ వేశారు, శాలువా కప్పారు, 'అడవి వారసత్వ సంపద' అని చెక్కించిన ఫలకం తొర్రకి బిగించారు. సూరమ్మ శాలువాలోంచి ముక్కు బయటపెట్టి, ఫైనల్‌కి ఎన్నింటికి రమ్మంటారని అడిగింది.

"నువ్విప్పుడు వారసత్వానివి పిన్నీ," అన్నాడు కోదండం. "కొత్తవి మాట్లాడకూడదు."

"పాతవి చెప్పుకోవచ్చా?"

"ఎంతసేపైనా. వినేదెవరు గనక."

"ఆ ముక్క రాసిస్తావా నాయనా?"

కోదండం నవ్వుకుంటూ ఫలకం కిందే గోటితో గీకి సంతకం పెట్టాడు.

ఫైనల్ రోజు వచ్చింది. కొండ హాస్టల్ దున్నలకీ వాగు హాస్టల్ దుప్పులకీ పోటీ. మొదటి దుప్పి గీత దాటి 'కబడ్డీ' అన్నాడో లేదో, కోదండం ఒప్పందం పట్టుకుని అడ్డం వచ్చాడు. ఒకరికి వదిలితే రేపు అందరూ అరుస్తారని వాడి భయం. పాపం దుప్పి నోరు మూసుకుని ముందుకెళ్ళాడు. కూత ఆగింది గనక ఔటని ఎలుగుబంటి రిఫరీ చెయ్యెత్తాడు. విజిలు కూడా గొంతు కిందే లెక్కని అప్పటికే లాగేసుకున్నారు. తర్వాత దున్న వెళ్ళాడు. ఔట్. ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోకుండానే అయిదుకి అయిదయింది.

నెమలి "ఔట్" అంది. కాసేపాగి "మళ్ళీ ఔట్" అంది. ఇక చెప్పడానికేమీ లేక తన పింఛాన్ని వర్ణించుకోసాగింది. బొరియల్లో కుందేళ్ళు రేడియోకి రెండు మొట్టికాయలు వేసి చూసి, చివరికి ముల్లు తిప్పాయి.

ముల్లు మద్దిచెట్టు దగ్గర ఆగింది. అక్కడ సూరమ్మ పదకొండేళ్ళ కిందటి ఫైనల్ చెబుతోంది. "సింగన్న కూతకొచ్చాడు. నలుగురు దున్నలు మీద పడ్డారు. గీత జానెడు దూరం. కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." పొదలో సింగన్న లేచి కూచున్నాడు.

మైదానంలోనూ ఎవరి సంచిలోనో చిన్న రేడియో మోగింది. ఆటగాళ్ళు ఆట వదిలేసి దాని చుట్టూ చేరారు. రిఫరీ చేరాడు. ఏనుగుగారు చెవులు చాటల్లా విప్పారు. నెమలి మైకు చేత్తో పట్టుకునే వచ్చి, కాస్త సౌండు పెంచమంది. అలా సూరమ్మ గొంతు మహారణ్య ఎఫ్.ఎం.లోనూ మోగిపోయింది.

కోదండం రొప్పుకుంటూ మద్దిచెట్టు దగ్గరికి పరిగెత్తాడు. ఆపమని అరవబోయి ఫలకం కింద చూశాడు. తన సంతకమే.

"కాస్త ఉండు నాయనా," అంది సూరమ్మ మైకు మూసిపెట్టి. "సింగన్న ఇంకా గీత దాటలేదు."

కోదండం తోక ముడిచి తొర్ర కిందే చతికిలబడ్డాడు. దాటాడో లేదో తెలియాలిగా మరి.

నీతి: ఎవరి నోరైనా మూయించాలంటే సన్మానాన్ని మించింది లేదు, శాలువా మాత్రం కాస్త మందంది చూసి కప్పండి.