బ్రేకుకి రెండంగుళాలు

ఈ కథలో కల్పించిన ముక్క ఒక్కటి కూడా లేదు. కథలు చెప్పేవాళ్ళందరూ ఈ మాటే అంటారు కాని, వాళ్ళు కోతలరాయుళ్ళు, వాళ్ళ సంగతి వదిలెయ్యండి. ఇక్కడ రాసిందంతా జరిగింది జరిగినట్టే, ఒక్క గుండీ కూడా ఊడకుండా మీ ముందుకు వస్తోంది.

కోట్లు కుట్టే దర్జీ ఒకాయన ఉండేవాడు. వయసు అరవైకి రెండు తక్కువ. ఊళ్ళో అందరూ ఆయన్ని రెండంగుళాలాయన అనేవారు. ఏ బట్ట కుట్టినా లోపల రెండంగుళాల గుడ్డ వదలందే ఆయనకి తోచదు. "మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు. గుడ్డన్నాక ముడుచుకుంటుంది. అప్పుడు నా రెండంగుళాలే కాపాడాలి" అనేవాడు. చిన్న రుమాలు కుట్టమని ఇచ్చినా చుట్టూ రెండేసి అంగుళాలు మడిచేసి, బొటనవేలంత రుమాలు చేతిలో పెట్టేవాడు.

ఆయనకి కోట్ల కంటే గర్వకారణం సైకిలు. ముప్ఫై ఏళ్ళుగా దాని మీద మెకానిక్కు చెయ్యి పడలేదు. పెడళ్ళు ఊడిపోతే దారం అయిపోయిన చెక్క రీళ్ళు బిగించాడు. హ్యాండిల్ పిడులు అరిగిపోతే పాత చొక్కా కఫ్‌లు తొడిగి గుండీలు పెట్టాడు. సీటులో కత్తిరింపు ముక్కలు కుక్కి, పైన కోటు గుడ్డతో గవిసెన కుట్టాడు, దానికో జేబు కూడా పెట్టాడు. క్యారియర్ స్ప్రింగు పోతే లాగు నడుముకి వేసే ఎలాస్టిక్ బిగించాడు. ఏది బిగించినా ఆ రోజుకది ఊగుతూ, కిర్రుమంటూ ఉండేది. దర్జీ కంగారు పడేవాడు కాదు. "కొత్త చొక్కా ఒంటికి సర్దుకోదూ? ఇదీ అంతే. ఒక వారం పోతే అదే సర్దుకుంటుంది" అనేవాడు. చిత్రమేమిటంటే, నిజంగానే సర్దుకునేది.

వీధికి అవతల, సరిగ్గా ఎదురుగా, సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కు దుకాణం. దర్జీ భార్య ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి, మగవాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. పొద్దున్నే మిషను తుడుచుకుంటూ దర్జీ అరిచేవాడు.

"బావా! ఇది నడిరోడ్డు మీద ఆగిన రోజున, పట్టపగలు, బజారంతా చూస్తుండగా, నీ కొట్టుకి నడిపించుకొచ్చి 'బావా, బాగు చెయ్యి' అని ఈ నోటితోనే అడుగుతాను!"

"అలాగే బావా. నాకేం తొందర లేదు" అనేవాడు మెకానిక్కు, మోకాళ్ళ మీద గోనెపట్టా పరుచుకుని పంక్చరు వేస్తూ.

ఇలా ముప్ఫై ఏళ్ళు గడిచాక ఒక శనివారం వచ్చింది.

ఆ రోజు హైస్కూలు పెద్దమాస్టారికి వీడ్కోలు సభ. పదింటికి. సభకి తొడుక్కోవలసిన బూడిదరంగు కోటు మన దర్జీ చేతిలో ఉంది. తొమ్మిదిన్నరకి బయల్దేరడం, పావుగంటలో మాస్టారి ఇంటికి చేర్చడం, పది నిమిషాలు ఆయన అద్దం ముందు తిరుగుతుంటే పక్కన నిలబడి పొంగిపోవడం. ఇదీ పథకం.

కోటుకి ముందు చిన్న పని ఒకటి తగిలింది. భార్య ఒక ప్యాంటు తెచ్చి బల్ల మీద పడేసింది. నిండా నూనె మరకలు. మోకాలి చిరుగు మీద నల్లటి రబ్బరు ముక్క అతికించి ఉంది.

"మళ్ళీ వచ్చిందీ?" అన్నాడు దర్జీ. "నెలకోసారి ఇలాంటిది ఒకటి వస్తుందేమిటే! ఇంతకీ ఎవరిదో చెప్పవు."

"మావైపాయనది అని చెప్పానుగా. ఆ ముక్క పీకెయ్యకండి. కిందనుంచి గుడ్డ వేసి కుట్టండి. పట్టింపు మనిషి."

"ప్యాంటుకి ట్యూబు ముక్క అతికించే మనిషికి పట్టింపొకటి! ఎవరి పని వాళ్ళు చెయ్యాలి. చిరిగితే దర్జీ దగ్గరికి తీసుకురావాలి కాని, ఇంట్లో కూచుని ఇవేం వేషాలు?"

"నేనూ అదే అంటాను" అంది ఆవిడ, వసారాలో స్టాండు వేసి ఉన్న సైకిలు వైపు చూస్తూ.

కుట్టు పూర్తయింది. దర్జీ కోటుకి చివరి ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించాడు. మడత పెడితే నలుగుతుందని, పాత గొడుగు కాడ ఒకటి క్యారియరుకి నిలువునా కట్టి, దాని వంకీకి కోటు వేలాడదీశాడు. దుమ్ము పడకుండా కాలరు మీద గుండ్రటి కాగితపు సంచి బోర్లించాడు. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి వెనక కూచున్నట్టే ఉంది.

భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏవండీ, ఈ ఒక్క రోజుకీ నడిచి వెళ్ళండి."

"ఎందుకే?"

"ఊరికే. బుధవారమేగా మీరు బ్రేకు బిగించింది."

"అయితే? మూడు రోజులైంది. ఈపాటికి సర్దుకునే ఉంటుంది."

"ఈ వారం సర్దుకోలేదేమో" అంది ఆవిడ నసుగుతూ. ఎదుటి దుకాణం తలుపులు వారం రోజులుగా మూసే ఉన్నాయి. మెకానిక్కు అక్కగారి ఊరు వెళ్ళాడు. దానికీ దీనికీ ఏమిటి సంబంధమో దర్జీకి తెలియదు. గొప్ప చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేడే అన్న వెలితి తప్ప ఆయనకి ఇంకే దిగులూ లేదు.

బ్రేకు సంగతి కూడా చెప్పాలి. ఆ సైకిలుకి ఉన్నది ముందు బ్రేకు ఒక్కటే. బుధవారం సాయంత్రం దాని తీగ తెగింది. దర్జీ కుట్టుమిషను తోలు బెల్టు తెచ్చాడు, టేపుతో కొలిచాడు, సుద్దతో గీత గీశాడు. తీరా కత్తిరించబోతూ, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ, గీతకి రెండంగుళాల అవతల కత్తెర పెట్టాడు.

బజారు వీధి వరకూ ప్రయాణం పెళ్ళినడకలా సాగింది. దారి బల్లపరుపు, బ్రేకుతో పని పడలేదు. మందుల కొట్టు యజమాని కోటుని చూసి లేచి నిలబడి, "నమస్కారం మాస్టారూ!" అన్నాడు. కోటు పలకలేదు. "వెళ్ళిపోయే రోజు కూడా ఆ బిగువు తగ్గలేదు" అని నొచ్చుకుని కూచున్నాడు పాపం.

వీధి చివర పల్లం మొదలవుతుంది. అక్కడినుంచి సరిగ్గా కింద హైస్కూలు గేటు. దానికి పది గజాలు ఇవతల, ఎడమ చేతి వైపు పెద్దమాస్టారి ఇల్లు. దర్జీ మెల్లిగా బ్రేకు నొక్కాడు. పిడి మెత్తగా, వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. హ్యాండిల్‌కి ఆనుకుని ఆగింది. ఆగింది పిడి ఒక్కటే, సైకిలు కాదు.

"సర్దుకో, సర్దుకో" అన్నాడు దర్జీ సైకిలుతో. ఇంతలో గాలి కోటులో దూరింది. కోటు పొట్ట ఉబ్బింది, చేతులు రెండూ పైకి లేచాయి. తెరచాప ఎత్తిన పడవలా సైకిలు వేగం పుంజుకుంది. కాళ్ళు ఆనించి ఆపుదామంటే, రీళ్ళ పెడళ్ళు వాటంతటవే గిర్రున తిరుగుతూ పిక్కల్ని వాయిస్తున్నాయి. మాస్టారి ఇల్లు ఎడమ పక్కనుంచి మర్యాదగా దాటిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్‌కి చూపు కొంచెం తక్కువ. పెద్దమాస్టారు వస్తే గంట కొట్టమని చెప్పి ఉంచారు. వెనక సీటులో కూచుని రెండు చేతులూ ఊపుతున్న బూడిదరంగు కోటు కనబడింది. గంట కొట్టాడు. గంట వినగానే సంగీతం టీచరమ్మ పాట ఎత్తుకుంది. పాట వినగానే మూడువందల మంది పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దోసిళ్ళతో పూలు పట్టుకున్నవాళ్ళు చల్లేశారు.

ఇంట్లో అద్దం ముందు చొక్కాతో నిలబడ్డ పెద్దమాస్టారు చప్పట్లు విన్నారు.

"నేనిక్కడే ఉన్నానుగా!" అన్నారు భార్యతో. "మరి అక్కడికి వచ్చిందెవరు?"

"కొత్తాయనేమో" అంది ఆవిడ. మాస్టారి ముఖం మాడిపోయింది. అలాగే చొక్కాతో పరుగెత్తారు.

సైకిలు పూలవాన మధ్యనుంచి, కట్టిన రిబ్బను తెంపుకుని, మైదానంలోకి దూసుకెళ్ళి, పిల్లలు దూకే పందేలకి వాడే ఇసుకగుంటలో ముక్కు గుచ్చుకుని నిలబడింది. దర్జీ ఇసుకలో చతికిలబడ్డాడు. గొడుగు కాడ వంగి విల్లులా తిరిగి లేచింది. కోటు హ్యాంగరుతో సహా గాలిలోకి ఎగిరి, మూడు వరసల బెంచీలు దాటి, వేదిక మీద పెద్దమాస్టారి కోసం వేసిన కుర్చీలో, భుజాలు నిటారుగా పెట్టుకుని, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద వేసుకుని కూచుంది. టీచరమ్మ పాట ఆపలేదు. రెండో చరణం కోటు వైపు తిరిగి పాడింది.

రొప్పుతూ వచ్చిన పెద్దమాస్టారు కుర్చీ వంక ఒక్క క్షణం చూశారు.

"పర్వాలేదు. నేను లేకపోయినా బడి నడుస్తుంది" అన్నారు. సభంతా నవ్వింది.

కోటు తొడుక్కున్నారు. గుండీ కాజా దాకా రాలేదు. వీడ్కోలు పేరుతో పదిహేను రోజులుగా ఎవరింటికి పిలిస్తే వాళ్ళింటికెళ్ళి తిని వస్తున్నారాయన. ఇసుక దులుపుకుంటూ వేదికెక్కిన దర్జీ మొహం వెలిగింది. తన చొక్కా కాలరు కింద గుచ్చుకున్న సూది తీశాడు. "ఒక్క పది నిమిషాలు మాస్టారూ" అని పక్క కుట్లు విప్పాడు. లోపల రెండంగుళాల గుడ్డ బుద్ధిగా వేచి ఉంది. పదింపావుకి గుండీ పడింది. మళ్ళీ చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్యలో దర్జీ భార్య గేటు లోపలికి వచ్చింది. పూలు చల్లిన దారి వెంట సైకిలు చక్రం గీత చూసుకుంటూ వచ్చింది. భర్త నిలబడే ఉన్నాడని చూసుకుని ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే, బస్సు దిగి సంచీతో ఇంటికి పోతున్న మెకానిక్కు గోల విని లోపలికి తొంగి చూశాడు. ఆవిడ కోపమంతా ఆయన మీదికి తిరిగింది.

"ఏం అన్నయ్యా! వెళ్ళేవాడివి నాతో ఒక్క మాట చెప్పి వెళ్ళకూడదూ? గురువారం నువ్వు రాకపోతే ఈ సైకిలు ఏమవుతుందో నీకు తెలీదూ? ముప్ఫై ఏళ్ళలో ఒక్క గురువారం తప్పావు, చూడు ఏమైందో!"

ఆ మాట వింటూనే దర్జీ సూదిని మళ్ళీ కాలరుకి గుచ్చుకుని వేదిక దిగి వచ్చాడు. గురువారం మధ్యాహ్నం దుకాణానికి సెలవు. రెండు నుంచి నాలుగు దాకా ఆయనకి నిద్ర. శుక్రవారం పొద్దున చూస్తే అన్నీ సర్దుకుని ఉండేవి.

"ఓహో!" అన్నాడు. "సర్దుకోవడమంటే ఇదా?"

మెకానిక్కు నేల చూపులు చూశాడు. "నీ రీళ్ళూ కఫ్‌లూ ఎక్కడివక్కడే ఉంచాను బావా. లోపల మరలు మాత్రమే బిగించేవాణ్ణి." వంగి సైకిలు బ్రేకు పట్టి చూశాడు. "కాని, బ్రేకుకి రెండంగుళాలు వదిలితే ఎలా? ఇదేమైనా గుడ్డా?"

"తోలు కదా, ముడుచుకుంటుందేమో అనుకున్నాను."

వంగిన మెకానిక్కు మోకాలి మీద దర్జీ చూపు పడింది. గోనెపట్టా లేని ఆ మోకాలిని చూడడం ఇదే మొదలు. పొద్దున కుట్టిన ప్యాంటుకి ఉన్నలాంటిదే నల్లటి రబ్బరు ముక్క, దాని చుట్టూ కనీ కనిపించని తన కుట్టు.

"ఆ ముక్క ఎవరేశారు బావా?"

"నేనే" అన్నాడు మెకానిక్కు గర్వంగా. "నా ప్యాంటు ఏనాడూ దర్జీ గడప తొక్కలేదు. సొల్యూషను రాస్తే చాలు. మొదట్లో కాస్త ఊడొస్తుంది కాని, మా ఆవిడ ఒకసారి ఉతికాక అదే అతుక్కుంటుంది."

"ఒకసారి లోపలికి తిప్పి చూడు."

మెకానిక్కు ప్యాంటు పైకి మడిచాడు. లోపల గుడ్డ వేసి ఉంది. చుట్టూ సరిగ్గా రెండంగుళాలు. ఆయన తల ఎత్తి దర్జీ భార్యని చూశాడు. ఆవిడ వేదిక మీది పూలను చూస్తోంది.

మెకానిక్కు ప్యాంటు మడత దించాడు. "బావా, పందెం నడిరోడ్డు మీద ఆగితే అనుకున్నాం. ఇది బళ్ళో ఆగింది. లెక్కలోకి రాదు."

"రాదు" అన్నాడు దర్జీ వెంటనే.

ఇద్దరూ సైకిలుని చెరోవైపు పట్టుకుని బజారు గుండా నడిపించుకొచ్చారు. దుకాణాలు రెండూ ఎదురెదురుగా ఉండడం వల్ల ఎవరు ఎవరి దగ్గరికి పోతున్నారో చూసేవాళ్ళకి అంతు చిక్కలేదు. దర్జీ సైకిలుని తన వసారాలోనే నిలబెట్టి, ఆవులించాడు.

"ఇవాళ శనివారమండీ" అంది భార్య.

"అయితేనేం? నాకు గురువారం నిద్ర వస్తోంది" అని లోపలికెళ్ళి పడుకుని, మరలు బిగిస్తున్న చప్పుడు వినిపిస్తున్నంత సేపూ శ్రద్ధగా గురక పెట్టాడు. ఆనాటినుంచి ఆయన గొప్పలో ఒక చిన్న సవరణ చేరింది. తను మెలకువగా ఉండగా ఆ సైకిలు మీద మెకానిక్కు చెయ్యి పడలేదు.

ఇక మొదట చెప్పిన మాట ఒకటుంది. కోటు ఎగిరి కుర్చీలో కూచోవడం మాత్రం కల్పితమే. అది ఇసుకగుంటలోనే పడింది, దులిపి తొడిగారు. మిగతాదంతా నిజం, మరీ ముఖ్యంగా ఆ ప్యాంటు.