డిపాజిట్ చేసిన భుజం

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన మర్నాడు బ్యాంకు గార్డు ఏసోబు తన కుడి భుజాన్ని టూటౌన్ పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి, రసీదు పుచ్చుకుని, ఎండెక్కకముందే ఇంటికొచ్చేశాడు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పడం మామూలే. ఓట్ల లెక్కింపయ్యాక తిరిగిస్తారు. బ్యాంకు గార్డులకి మాత్రం మినహాయింపు ఉంది, వాళ్ళ తుపాకీ వాళ్ళ దగ్గరే ఉంటుంది. పైగా ఏసోబు మిలిటరీలో హవల్దారుగా చేసొచ్చినవాడు, రూలంటే రూలే అనే మనిషి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరిచేతా మాట పడలేదు. ఈసారి వచ్చిన చిక్కల్లా తుపాకీతో కాదు, దాని అనుబంధ పరికరాలతో.

అనుబంధ పరికరాలంటే ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలీదు. పైనించి సర్క్యులరైతే వచ్చింది. తుపాకీని ఆనించడానికి, కదలకుండా నిలపడానికి, పేలినప్పుడు అది వెనక్కి తన్నే తన్ను భరించడానికి పనికొచ్చే ప్రతిదీ అనుబంధ పరికరమేననీ, అది లైసెన్సులో నమోదై ఉండాలనీ అందులో ఉంది. ఏటా చేయాల్సిన ప్రాక్టీసు కోసం గార్డులందరూ పోలీసు ఫైరింగ్ రేంజికి వెళ్ళిన రోజున దాన్ని పైకి చదివి వినిపించారు. చదవడం పూర్తయ్యేసరికి అందరూ భుజాలు తడుముకున్నారు.

ఏసోబు వంతు వచ్చినప్పుడు తుపాకీ మడమని భుజానికి ఆనించి పేల్చాడు. గురి బాగానే తగిలింది. రేంజి ఇన్‌చార్జి మాత్రం బోర్డు వంక చూడలేదు.

"ఆ వెనకాల ఆనించిందేమిటి?" అన్నాడు.

"నా భుజమండీ."

"లైసెన్సులో ఉందా?"

లైసెన్సు తీసి చూశారు. తుపాకీ నంబరుంది, తూటాలు ఎన్ని ఉంచుకోవచ్చో ఉంది, ఏసోబు తండ్రి పేరు కూడా ఉంది. భుజం లేదు. నమోదు కాని పరికరంతో రేంజిలో అడుగుపెట్టకూడదు. పోనీ నమోదు చేయించుకుందామంటే, ఆ పరికరంతో రేంజిలో పేల్చి చూపించి సర్టిఫికెట్టు తేవాలి. ఇన్‌చార్జి చెడ్డవాడేం కాదు పాపం. భుజం ఉండటం నేరమని తను అనడం లేదనీ, నేరం కాదని కూడా అనలేననీ, వివరణ కోరుతూ పైకి రాశామనీ, అది వచ్చేదాకా ఏదీ చెప్పలేమనీ ఓపిగ్గా చెప్పాడు. మినహాయింపు ఉత్తర్వులో తుపాకీ మాట ఉందిగానీ పరికరాల మాట లేదు. కాబట్టి ఏసోబు తుపాకీ బ్యాంకులో ఉండొచ్చు, భుజం మాత్రం స్టేషన్లో ఉండాలి. మిగతా గార్డులదీ అదే వరస.

స్టేషన్లో రికార్డులు రాసే రైటరుకి అలాంటివి తీయడం కొట్టిన పిండే. భుజాన్ని విప్పి, అట్టముక్క మీద నంబరు రాసి, పురికొసతో కట్టి, లక్క సీలు వేసి, పట్టుబడిన సామాన్లుండే వెనకగదిలో బీరువా పక్కన పెట్టించాడు. చెయ్యి సంగతి సర్క్యులర్లో లేదు గనక దాన్ని చొక్కాకి పిన్నీసులతో బిగించి ఇంటికి పంపేశారు. మళ్ళీ తిరగలేక ఏసోబే ట్రిగ్గరు నొక్కే వేలు గురించి కూడా అడిగాడు. వేలు నొక్కుతుందే తప్ప భరించదు కదా, ప్రస్తుతానికి వర్తించదు, అన్నాడు రైటరు. గురిచూసే కన్ను విషయం పరిశీలనలో ఉందట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఏసోబు కుడికన్ను అదురుతూనే ఉంది.

ఇంట్లో రాహేలు అతనికోసం గుమ్మంలో నుంచుని ఉంది. ఆవిడకి సుగరు జబ్బుతో చూపు పోయి చాలా కాలమైంది. అయితేనేం, అతని కుడి భుజం మీద చెయ్యేసి బజారుకీ, చర్చికీ, చుట్టాలిళ్ళకీ గబగబా నడిచేస్తుంది. తుపాకీ తన్ని తన్ని ఆ భుజంలో ఒక గుంట పడింది. సరిగ్గా ఆవిడ అరచెయ్యి పట్టేంత. ఆ రోజు కూడా అలవాటుగా చెయ్యి చాపింది, చెయ్యి గాల్లోంచి జారి కిందకి పోయింది.

"ఏదయ్యా?" అంది.

"డిపాజిట్ చేశాను. ఎలక్షన్లయ్యాక ఇస్తారు."

ఆవిడ తలుపు తడుముకుంటూ లోపలికి పోయింది. అది చూసి ఏసోబు ప్రాణం ఉసూరుమంది.

ఎడమ భుజం ఇద్దామనుకున్నాడు. కానీ ఎదురింట్లో ఉండే నోటరీ ప్లీడరు వద్దంటే వద్దన్నాడు. ఎడమది బరువు మోస్తోందని ఎవరైనా చూస్తే, స్పేరు పరికరం దాచినట్టవుతుందని ఆయన భయం. నిజంగా అవుతుందా అంటే, అవుతుందని చెప్పలేను, అవదని హామీ ఇవ్వలేను, అన్నాడు. దాంతో ఏసోబు ఎడమ భుజం మీద తువ్వాలు కూడా వేసుకోవడం మానేశాడు. రాహేలు గోడలు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. గోడ అయిపోయిన చోట ఆగిపోయేది. ఒక పొద్దున కుళాయి దగ్గర కాలుజారి పడింది, నుదురు చిట్లింది. ఏసోబు పరిగెత్తుకొచ్చాడుగానీ లేపడానికి చాలిన భుజం లేదు. ఒంటిచేత్తో తలకి గుడ్డ నొక్కి పట్టుకుని, పక్కింటివాళ్ళు వచ్చేదాకా అక్కడే కూలబడ్డాడు. మొగుణ్ణయ్యుండి కాస్త లేవనెత్తలేకపోయానే అని లోలోపల కుమిలిపోయాడు.

బ్యాంకులో తుపాకీని ఒళ్ళో పెట్టుకుని కూచునేవాడు. డ్యూటీ దిగగానే నేరుగా స్టేషనుకి పోయి, వెనకగది కిటికీలోంచి తొంగి చూసేవాడు. గదిలో ఎలుకలున్నాయి. అదే అతని బెంగంతా. రైటరు మటుకు, మీదొక్కటే కాదు కదండీ హవల్దారు గారూ, అందరివీ ఉన్నాయి, అని ధైర్యం చెప్పేవాడు. అందరివీ ఉన్నాయన్న మాటకే ఏసోబుకి గుబులు ఎక్కువయ్యేది. అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి మరి.

ఎన్నికలయ్యాయి. గెలిచినాయన ఊరేగింపు స్టేషను ముందునుంచే పోయింది. మర్నాడు భుజాలు ఇచ్చేశారు. తగిలించుకోగానే ఏసోబుకి ఏదో తేడాగా అనిపించింది. ఎముక కాస్త ఎత్తుగా ఉంది, గుంట ఉండాల్సిన చోట లేదు.

"ఇది నాది కాదేమోనండి," అన్నాడు.

"నంబరు కలిసింది కదా," అన్నాడు రైటరు.

నిజంగానే కలిసింది. సంతకం పెట్టి వచ్చేశాడు.

రాహేలు ఆత్రంగా చెయ్యేసింది. వేసిన చెయ్యి వేసినట్టే ఆగిపోయింది. మెల్లగా తడిమి చూసింది. "ఎవరిదయ్యా ఇది?" అని గొంతు తగ్గించి అడిగింది.

"నాదే. నంబరు కలిసింది."

ఆనాటి నుంచీ ఆవిడ ఆ భుజం మీద రెండు వేళ్ళు మాత్రమే ఆనించి నడిచేది, పరాయి మగాడి మీద చెయ్యేస్తే బాగోదన్నట్టు. అడుగు కూడా చిన్నదైపోయింది. ఏసోబుకి ఏడుపొచ్చినంత పనయ్యేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కూరగాయల బజారులో పడ్డారు. జనం తోసుకుంటున్నారు. కాస్త దూరం పోయాక చూసుకుంటే భుజం మీద వేళ్ళు లేవు. ఏసోబు వెనక్కి పరిగెత్తాడు. పిచ్చిపట్టినట్టు వెతికాడు. తీరా చూస్తే రాహేలు ముందు పోతోంది. ఎవరో ఖాకీ చొక్కా మనిషి కుడి భుజం మీద అరచెయ్యి మొత్తం వేసి, ఎప్పట్లాగే గబగబా నడుస్తోంది. ఆ మనిషి కూడా ఆవిడ నడకకి తగ్గట్టు అడుగులేస్తున్నాడు.

అతని పేరు నబీసాహెబు, డబ్బులు తీసుకెళ్ళే వ్యాను మీద గార్డు. ఏసోబు గసపోసుకుంటూ చేరేసరికి అతనే ముందు మాట్లాడాడు.

"ఎవరో చెయ్యేసే భుజమని తెలుస్తూనే ఉందన్నా. బరువు లేకపోతే రాత్రిళ్ళు నన్ను నిద్రపోనివ్వదు. మీది నా దగ్గరుందన్నమాట, ఆ ఎముక ఎత్తున్నది నాదే."

ఇద్దరూ అప్పుడే స్టేషనుకి పోయారు, రాహేలుని మధ్యలో పెట్టుకుని. ఎస్సై అంతా విన్నాడు, కుర్చీ కూడా వేయించాడు. మార్చుకోవడానికి మాత్రం వీల్లేదన్నాడు. ఒకరి దగ్గరున్న పరికరం ఇంకొకరికి ఇవ్వడమంటే అనుమతి లేని బదిలీ, ఇద్దరి మీదా కేసవుతుంది. కేసైతే రెండు భుజాలూ కోర్టు ఆస్తి. వివరణ వచ్చిందా అని ఏసోబు అడిగాడు. రాలేదు, గుర్తుచేస్తూ మళ్ళీ రాశాం, అన్నాడు ఎస్సై. ఇక ఒకటే దారి. ఈసారి ఎన్నికలొచ్చినప్పుడు ఇద్దరూ మళ్ళీ డిపాజిట్ చేయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు అదృష్టం బాగుంటే ఎవరిది వాళ్ళకి రావచ్చు.

"రాకపోతే?" అంది రాహేలు.

"ఆ తర్వాతి ఎన్నికలున్నాయి కదమ్మా," అన్నాడు ఎస్సై.

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

ఇప్పుడు ఆదివారం పూట నబీసాహెబు వస్తాడు. రాహేలు అతని భుజం మీద చెయ్యేసి చర్చి గేటుదాకా నడుస్తుంది. వెనకాల ఏసోబు ఆవిడ బైబిలు పట్టుకుని, నబీసాహెబు భుజాన్ని మోసుకుంటూ నడుస్తాడు. భుజం మీద చెయ్యేయడం అనుమతి లేని వాడకం కిందకొస్తుందా అని ప్లీడరుని అడిగితే, ఎవరూ అడగనంతకాలం రాదన్నాడు. వీధిలో మొదట్లో వింతగా చూశారు, ఇప్పుడు చూడటం లేదు.

ఈ మధ్య ఆ గెలిచిన ఎమ్మెల్యేగారికి ఒంట్లో బాగోలేదని, హైదరాబాదు తీసుకెళ్ళారని బ్యాంకులో చెప్పుకున్నారు. ఏసోబు ఇంటికొచ్చి మాటవరసకి ఆ సంగతి అన్నాడు. సీటు ఖాళీ అయితే ఉపఎన్నిక వస్తుందని రాహేలుకి ఎవరూ విడమరచి చెప్పలేదు. దేవుడంటే భయం ఉన్న మనిషి, ఒకరి చెడు కోరుకునేది కాదు. అయినా పొద్దుగూకి అతను గుమ్మంలో అడుగుపెట్టగానే, గోడ వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి అడుగుతుంది.

"ఆయనకెలా ఉందంట?"

"బాగానే ఉందంట. తిరుగుతున్నాడంట."

"దేవునికి స్తోత్రం," అంటుంది రాహేలు. మళ్ళీ గోడ వెతుక్కుంటుంది.