సగం గ్లూటెను, సగం మొహమాటం

తప్పు పేగుది కాదేమో, తనదేనేమో, నలుగురిలో ఒకడిగా ఉండలేని తన అహంకారమే కడుపులో చేరి జబ్బు వేషం వేసిందేమో అనుకుంటూ నీటి మీటర్ల పరీక్షకుడు ఆఫీసు మెట్లు దిగి క్యాంటీను వైపు నడిచాడు. డాక్టరు మాత్రం అలా అనలేదు. ఇది సీలియాక్ జబ్బు, గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే జిగురు నలుసంత లోపలికి వెళ్లినా పేగు పొర దెబ్బతింటుంది, బతికినన్నాళ్లూ మానాల్సిందే అన్నాడు. కానీ డాక్టరు ఒక్కడు, సలహాలిచ్చేవాళ్లు వందమంది. ఎవరి మాట నెగ్గుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో అక్క మాట నెగ్గింది. "బయటి తిండి పడదంటే అర్థముంది. సొంత అక్క చేత్తో చేసిన కేకు కూడా పడదుట్రా నీకు?" అని ఆవిడ కళ్లొత్తుకుంది. ఆ కన్నీళ్లు ఆపడానికి అతను ఒక ముక్క తిన్నాడు. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఆ తొమ్మిది రోజులూ అక్కే కంటికి రెప్పలా చూసుకుంది, కేకులో వేసిన గుడ్డు మంచిది కాదేమోనని నొచ్చుకుంటూ.

ఆఫీసు అలా కాదు. అక్కడ శాస్త్రీయ దృక్పథం ఉంది. గంటకు ఒక్క బొట్టు కారినా మీటరును పనికిరాదని పక్కన పడేసే సంస్థ అది. ఒక ఉద్యోగి క్యాంటీనులో తినలేకపోతున్నాడని తెలియగానే డైరెక్టరుగారు చలించిపోయి ఆహార సమానత్వ ఉపసంఘం వేశారు. తొమ్మిది నెలల్లో పద్నాలుగు సమావేశాలు జరిగాయి. ప్రతిసారీ బిస్కెట్లు పెట్టారు. అతన్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చారు. ఆ నీళ్లలో గ్లూటెన్ ఉందా లేదా అన్న చర్చతో మూడో సమావేశం ముగిసింది.

తీర్మానాలు మాత్రం వంక పెట్టలేనివి. జబ్బు జీవితాంతం ఉంటుందని డాక్టరు రాసిచ్చిన కాగితం మూడు నెలలు చెల్లుతుంది. ఆకలి వేయదలచినవారు రెండు రోజుల ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. గ్లూటెన్ లేని పొట్లాలు ఇనుప బీరువాలో భద్రంగా ఉంటాయి. తాళంచెవి ఒకరి దగ్గర, సంతకం చేసే అధికారం మరొకరి దగ్గర. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఈలోగా క్యాంటీను వంటాయన సొంత చొరవతో సమస్యను పరిష్కరించాడు. సాండ్‌విచ్‌లో పై రొట్టె, కింది రొట్టె తీసేసి, మధ్యలోది ప్లేటులో పెట్టి, "గోధుమంతా పీకేశా సార్, భయం లేకుండా లాగించండి" అన్నాడు.

"అంటుకున్న పొడి ఉంటుంది కదయ్యా."

"పొడికే పోయే ప్రాణమైతే ఇంతవరకూ ఎలా లాక్కొచ్చారు సార్?" అని నిజమైన కుతూహలంతో అడిగాడు.

ఆ ప్రశ్న అతన్ని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. పద్నాలుగు కిలోలు తగ్గిన మనిషి. ఉడికించిన దుంపలు డబ్బాలో తెచ్చుకుని, ఎవరి కంటా పడకుండా మీటర్ల గదిలో తిని, ఇప్పుడిప్పుడే మూడు కిలోలు కూడగట్టుకున్నాడు. "మీ జబ్బు సగం గ్లూటెను, సగం మొహమాటం. ఇంకోసారి మొహమాటపడ్డారంటే మళ్లీ మొదటికే" అని డాక్టరు హెచ్చరించాడు.

ఇవాళ ఉపసంఘం సాధించిన గ్లూటెన్ లేని తిండి కౌంటరు ప్రారంభోత్సవం. క్యాంటీను మూలన రిబ్బను కట్టారు. బల్ల మీద రెండు కేకులున్నాయి. పెద్దది సిబ్బంది కోసం, మామూలుది. చిన్నది బియ్యప్పిండితో చేయించింది, అతని కోసం. డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, నాగరికత అంటే ఏమిటి? వందమంది తింటున్నప్పుడు తినలేని ఒక్కడి వైపు చూడటం. మనం చూశాం. తొమ్మిది నెలలుగా చూస్తూనే ఉన్నాం. ఇవాళ ఈయన తింటారు, మనం కళ్లారా చూస్తాం. ఈయనే తినకపోతే గిరాకీ లేదని కౌంటరు రేపే ఎత్తేయాల్సి వస్తుంది, అది వేరే విషయం."

ముందు పెద్ద కేకు కోశారు. దాని పొడి అంటుకున్న చాకుతోనే చిన్న కేకూ కోశారు. డైరెక్టరుగారు దాంట్లో ఒక ముక్కను అతని నోటి దగ్గరికి తెచ్చారు.

"సార్, ఆ చాకు..."

"కొత్తదేనయ్యా, నిన్ననే కొన్నాం."

"తినవయ్యా బాబూ, పెద్దాయన చెయ్యి పీకుతోంది" అని వెనకనుంచి ఎవరో బతిమాలారు.

తన నోరు తెరుచుకుంటున్నట్టు అతనికి తెలుస్తూనే ఉంది. తెరుస్తున్నది అతను కాదు. ఎవరు ఏం పెట్టినా కాదనకుండా తెరుచుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్న నోరది. ఇన్నాళ్లూ అనుమానించిన అహంకారం కోసం లోపలంతా వెతికాడు. ఎక్కడా లేదు. కాస్తయినా ఉంటే బాగుండేదనిపించింది.

ముక్కను సున్నితంగా అందుకుని, "ముందు మీరు సార్" అని డైరెక్టరుగారి నోట్లోనే పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఫోటో తీశారు. ఏ జబ్బూ లేని మనిషికి మొదటి ముక్క అందడంతో సంక్షేమ పథకాల సంప్రదాయానికి లోటు రాలేదు.

అప్పుడతను చిన్న కేకును చాకు తగలని వైపుకు తిప్పి పెట్టి, చాకు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బు రాశాడు. పద్నాలుగు సమావేశాల్లో ఎవరికీ తట్టని పని అది. చప్పట్లు ఆగిపోయాయి.

"చూడు, మనమేదో మురికివాళ్లమైనట్టు" అంది ఒక గొంతు.

"ఇంత చేసినా విశ్వాసం లేదు" అంది ఇంకోటి.

రెండూ అతనికి వినిపించాయి. చాకు తిప్పి, రెండో వైపు కూడా రుద్దాడు.