గాలిపీపాలో గంటసేపు

పిల్లల దగ్గర ఓపిక పట్టాల్సిన కాలం పోయింది, మహాశయులారా! ఆ పని చేసిపెట్టడానికి ఇప్పుడు ఇనుప పీపా వచ్చింది.

మావాడికి ఎనిమిదేళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు, నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. కడుపులో ఉండగా వాళ్లమ్మ తాగిన మద్యం మెదడును దెబ్బతీసిందని పిల్లల డాక్టరమ్మ తేల్చింది. ఆ రోజుల్లో పార్టీలకెళ్లినప్పుడు "ఏం కాదులే, తాగు" అని గ్లాసు అందించింది నేనే గానీ, ఆ వివరం ఏ ఫారంలోనూ అడగలేదు. అడగనిది చెప్పడం మర్యాద కాదు కదా!

"ఇది మందులతో పోయేది కాదండీ. రోజూ గంటసేపు పక్కన కూర్చుని, విసుక్కోకుండా చెప్పిందే చెప్పండి" అంది డాక్టరమ్మ.

గంటసేపా? విసుక్కోకుండానా? ఇది వైద్యమా, జైలు శిక్షా?

అందుకే ఆక్సిజన్ సెంటర్‌కు వెళ్లాం. పీపాలో కూర్చోబెట్టి, తలుపు బిగించి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టిస్తారు. నలభై సిట్టింగుల్లో మెదడు చిగురిస్తుందని డైరెక్టర్ హామీ. మతిమరుపు, బట్టతల, అత్తాకోడళ్ల తగాదా, లెక్కల్లో సున్నా... అన్నిటికీ అదే పీపా! మరి తమరి బట్టతల సంగతేమిటని అడిగితే "నాకు టైమెక్కడిదండీ" అన్నాడు. పాపం, పరోపకారికి తీరికెక్కడ?

ముప్పై ఎనిమిది రోజులు మా ఆవిడే వాడితో లోపల కూర్చుంది. నేను బయట ఫోన్ చూసుకుంటూ తండ్రి బాధ్యత నెరవేర్చాను. ముప్పై తొమ్మిదో రోజు ఆవిడకు జలుబు చేసింది. జలుబున్నవాళ్లు లోపలికి పనికిరారట, పిల్లాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టరట! పీపా నడిపే ఆపరేటర్ నా ఫోన్ లాక్కుని నన్ను లోపలికి తోశాడు. గంట గడిచేదాకా తలుపు తీయరు.

ఒత్తిడి పెరగగానే చెవులు మూసుకుపోయాయి. ప్రాణం పోతోందనుకుని తలుపు బాదాను.

"గుటక వెయ్యి నాన్నా" అన్నాడు మావాడు.

వేశాను. చెవులు తెరుచుకున్నాయి. కాసేపటికి మళ్లీ మూసుకుపోయాయి, నేను మళ్లీ తలుపు బాదాను.

"అలా కాదు నాన్నా. నన్ను చూడు." నోరు మూసి, మెడ సాచి, గుటక వేసి చూపించాడు. పదిసార్లో, పన్నెండుసార్లో! నేను మర్చిపోయినప్పుడల్లా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. వాళ్లమ్మ నేర్పి ఉంటుంది, నా దగ్గర నేర్చుకునే వీల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆపరేటర్ తలుపు తీసి, "బాబుకెలా ఉంది సార్?" అన్నాడు.

వాడి గుండీలు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉన్నాయి.

"వాడికేం, బాగానే ఉన్నాడు. నాకే ఇంకా చాలా సిట్టింగులు పడతాయి. ఇంట్లోనే వాడి పక్కన కూర్చుంటాలే" అన్నాను.