వాన నీటి పర్మిట్ వర్ధిల్లాలి!

వాన నీటికి పర్మిట్ ఉండి తీరాలి! ఎవరి ఇంటి కప్పు మీద పడితే వారి ఇంటి కప్పు మీద పడి, రోడ్డంతా తిరిగి, చెప్పా పెట్టకుండా వాగులో దిగిపోయే నీటిని మీరు సమర్థిస్తారా? నేను ఛస్తే సమర్థించను. క్రమశిక్షణ అనేది పైనుంచే మొదలవ్వాలి. ఆకాశం కన్నా పైన ఇంకేముంది?

మాది పెన్సిల్వేనియా కొండల మధ్య ఓ బుల్లి టౌను, టర్నర్స్ ఫోర్డ్. మా తూముల్లో పడిన వాన నీరు వాగులో కలవాలంటే రాష్ట్రం వారి పర్మిట్ కావాలి. ఐదేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. ఇదొక పీడ అని కాఫీ కొట్టు దగ్గర గొణిగేవాళ్లున్నారు. వాళ్లకు వరానికీ పీడకీ తేడా తెలియదు, పాపం.

అసలు మా పర్మిట్ గడువు తీరిపోయి చాలా కాలమైంది. అయినా చెల్లుతుంది! వేళకు అర్జీ పెట్టుకున్నాం కనుక, పై ఆఫీసు వారికి తీరిక చిక్కేదాకా పాతదే బతికి ఉన్నట్టు లెక్క. ఇంతటి దయ ఇంకెక్కడైనా చూశారా? గడువు తీరిన డ్రైవింగ్ లైసెన్సు చేతిలో పెట్టి, "అర్జీ పెట్టానండీ" అని పోలీసుతో అనండి, చూద్దాం!

ఇక జ్ఞానం సంగతి. ఊరి జనానికి వాన నీటి గురించి బోధించాలని పర్మిట్‌లో షరతు ఉంది. అందుకే ఫైర్ స్టేషన్ వాళ్ల ఊరేగింపులో టౌను మేనేజర్ ర్యాండల్ పోలిక్ తన బావమరిదికి ట్రౌట్ చేప వేషం వేయించి నడిపించాడు. జూలై ఎండ. సగం దారిలో చేప సొమ్మసిల్లి పడిపోయింది. ఎవరో పరుగున వచ్చి బకెట్ నీళ్లు కుమ్మరించారు. బావమరిది కళ్లు తెరిచాడు కానీ, ఆ నీళ్లు తూములోకి పోయాయేమోనని ర్యాండల్ మాత్రం సాయంత్రం దాకా తేరుకోలేదు. బాధ్యతంటే అదీ!

స్కూలు బ్యాండు పిల్లలు చందాల కోసం కార్లు కడిగేవారు. సబ్బు నీళ్లు వాగులోకి పోతాయని మాన్పించారు. ఇప్పుడు సాండ్‌విచ్‌లు చేసి అమ్ముతున్నారు. ఆ సబ్బు నీళ్లు తాగి చేపలు చావడం కన్నా, ఈ సాండ్‌విచ్‌లు తిని మేం చావడమే ధర్మం.

ఇంత చక్కటి పర్మిట్‌తో నేరుగా తగువు పెట్టుకున్నది ఊళ్లో ఒక్కరే. వాల్‌నట్ వీధి పల్లంలో, ఫైర్ స్టేషన్‌కి ఎదురుగా ఉండే వెర్నా హుడాక్. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. మా వైపు ఇళ్లలో రెండు వంటిళ్లుంటాయి. పైది చుట్టాలు చూడ్డానికి, బేస్‌మెంట్‌లోది వండుకోవడానికి. ఈస్టర్‌కి ముందు వచ్చే లెంటు ఉపవాసాల్లో శుక్రవారం శుక్రవారం చర్చివాళ్లు అమ్మే పియరోగీలన్నీ వెర్నా కింది వంటింట్లో తయారవుతాయి. పిండి రేకుల్లో బంగాళాదుంప, చీజు కూరి, ఉడకబెట్టి, వెన్నలో ఉల్లిపాయలతో వేయించి పెడితే వేరే మతం వాళ్లు కూడా వరుసలో నిలబడతారు. ఆ అమ్మకం లేకపోతే చలికాలం హీటరుకి డబ్బుల్లేక చర్చిలో ఫాదర్ గారు కోటు వేసుకుని ప్రసంగించాల్సిందే.

ఈవిడ ఇంటి ముందు తూముకు ఆకులు అడ్డం పడ్డాయి. వాన వచ్చినప్పుడల్లా నీళ్లు తూములోకి దిగే దారి లేక వెర్నా మెట్లు దిగుతున్నాయి. ఆవిడ టౌను ఆఫీసుకు వెళ్లింది. పేపరు పని మీద నేను అప్పుడక్కడే ఉన్నాను.

"ఏమయ్యా ర్యాండల్, తూము నిండా ఆకులే. నీళ్లన్నీ నా వంటింట్లోకొస్తున్నాయి. ఓ మనిషిని పంపించవయ్యా."

"కుర్రాళ్లంతా రెన్యువల్ పన్లో ఉన్నారు వెర్నా గారూ. ఊళ్లో ప్రతి తూముకీ ఫొటో తియ్యాలి, మ్యాపులో ఎక్కించాలి."

"మా తూముకీ తీశారా?"

"మొన్న వానలోనే తీశాం. చాలా బాగా వచ్చిందండీ."

"అందులో ఆకులు కనపళ్లేదూ?"

"నీళ్లలో మునిగుంది కదండీ, తూమే కనపళ్లేదు."

"సర్లే, ఆకులు లాగే నా పంజా తెచ్చుకుని నేనే లాగేసుకుంటా."

ర్యాండల్ కుర్చీలోంచి లేచాడు. "అయ్యయ్యో, వద్దు! అది టౌను ఆస్తి. మీరు జారిపడితే మా మెడకి చుట్టుకుంటుంది."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మీరు సామెత చెప్పబోతున్నారు, నాకు తెలుసు. తొందరపడకండి! వాగులోకి మురికి పోకూడదన్నదే పర్మిట్ పట్టింపు. నీళ్లు ఇంకెక్కడికైనా పోవచ్చు. మరి వీధి బురదంతా వెర్నా వంటింట్లో పేరుకుంటే వాగు ఎంత తేటగా ఉంటుందో ఆలోచించారా? చేపల కోసం ఆ మాత్రం సర్దుకోలేమా?

రెన్యువల్‌కి ముందు ప్రజాభిప్రాయ సభ జరపాలి. ఫైర్ స్టేషన్ హాల్లో పెట్టారు. కౌన్సిల్ సభ్యులు, డోనట్లు, నేను. ప్రజలు రాలేదు, రారు కూడా. బయట వాన దంచుతోంది. తలుపు తోసుకుని రబ్బరు బూట్లతో వెర్నా వచ్చింది.

"రేపు కలపాల్సిన పిండి బస్తా నీళ్లలో నానిపోయింది. ఎల్లుండి శుక్రవారం. ఫాదర్ గారికి ఏం చెప్పమంటారు? ఆ ఆకులు ఎవరు తీస్తారో చెప్పండి, వెళ్లిపోతా."

ర్యాండల్ మొహం వెలిగిపోయింది. "ప్రజల భాగస్వామ్యం!" అని పక్కవాడి చెవిలో అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మీ అభిప్రాయం నమోదైందండీ. ధన్యవాదాలు," అన్నాడు.

"అంతేనా?"

"డోనట్ తీసుకోండి."

ఆవిడ డోనట్ తీసుకోలేదు. గిర్రున తిరిగి వెళ్లిపోయింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఇనుప పంజాతో ఆకులు లాగుతోంది. మేమంతా కిటికీకి అతుక్కుపోయాం. ఒక్కరూ బయటికి అడుగు పెట్టలేదు, నాతో సహా. వాన కదా మరి! చివరికి తూము గుడగుడమని నీళ్లు మింగడం మొదలుపెట్టింది. అప్పుడు ర్యాండల్ గొడుగేసుకుని బయటికి పరిగెత్తాడు. టౌను ఆస్తి ముట్టుకున్నందుకు కేకలేస్తాడనుకున్నాను. ఫొటో తీసుకున్నాడు.

ఆ ఫొటో అర్జీకి జత చేశారు. పర్మిట్ వచ్చేసింది, మెచ్చుకోళ్లతో సహా! అందులో కొత్త షరతు ఒకటుంది: వాల్‌నట్ వీధి తూమును స్థానిక స్వచ్ఛంద సేవకురాలు శుభ్రం చేస్తూ ఉండాలి. ఆవిడ చేయకపోతే ఊరు పర్మిట్ ఉల్లంఘించినట్టే.

ఇప్పుడు మబ్బు పడితే చాలు, వెర్నాకి ఫోను వస్తుంది.

"వెర్నా గారూ, పడమట నల్లగా ఉందండీ."

"మోకాలు వాచింది నాయనా. ఈ ఒక్కసారికి ఎవర్నయినా పంపు."

"అలాగంటే ఎలాగండీ! షరతులో మీరే ఉన్నారు కదా!"

మొన్న శుక్రవారం పియరోగీల కోసం ఆ వీధిన వెళ్తున్నాను. చినుకులు పడుతున్నాయి. వెర్నా ఒక చేయి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో పంజా పట్టి ఆకులు లాగుతోంది.

"పేపర్లో రాసే అబ్బాయివి నువ్వే కదూ? ఇది కాస్త పట్టుకో బాబూ. కింద పొయ్యి మీద కుండ పెట్టొచ్చాను," అంది.

పట్టుకున్నాను. పట్టుకోనంటే పియరోగీలు దొరకవు. ఆవిడ గోడ ఆసరాతో ఒక్కో మెట్టే దిగుతుంటే చూశాను. ఎంత కష్టంగా దిగుతోందో! నాకు సిగ్గేసింది. పర్మిట్ గురించి ఇప్పటిదాకా ఇంత రాశాను కదా, ఆ మెట్ల దగ్గర నాకు ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు.

వెనక కారు ఆగింది. ర్యాండల్ దిగాడు, ఫోను పైకెత్తాడు.

"మాస్టారూ, కొంచెం ఇటు తిరగండి!"

నేను తిరగలేదు. తూము వైపే తిరిగి, టౌను ఆఫీసులో ఈ పనికి జీతం తీసుకునే వాళ్లందరి పేర్లూ ఒక్కొక్కటే తలుచుకుంటూ ఆకులు లాగాను.